టీచరే కౌన్సెలర్ కాగలరా?

సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన ఒక తీర్పుకు మూలం విశాఖపట్నంలో ఉంది. అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించాలని తండ్రి కోర్టుకెక్కారు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ కోరిక తీర్చి ఊరుకోలేదు. బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చి, తగిన చట్టం వచ్చేదాకా వీటినే పాటించాలంది. వాటిలో ఒకటి: వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. అంతకంటే చిన్నవైతే, అవసరమైన పిల్లల్ని పంపడానికి బయటి నిపుణులతో ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఆ ఒక్కరూ ఎవరు? ఉన్న టీచర్లలోనే ఒకరికి శిక్షణ ఇచ్చి ఆ పని అప్పగిస్తే సరిపోతుందా, దానికని వేరే మనిషి రావాలా?

తెనాలిలో ఒక కుటుంబంలో ఈ ప్రశ్న మీద బాబాయికీ, అన్నకూతురికీ గట్టి వాదనే జరిగింది. ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆమె సైకాలజీ చదివి హైదరాబాదులో ఒక పెద్ద సీబీఎస్ఈ స్కూల్లో కౌన్సెలర్‌గా చేస్తోంది. ఎవరి అనుభవం వారికుంది, ఎవరి మొండితనం వారికుంది.

"వేరే మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడమ్మాయ్?" అని మొదలుపెట్టారు మాస్టారు. "హైదరాబాదులో నీలాంటివాళ్లు దొరుకుతారు. కృష్ణ ఒడ్డున లంక ఊళ్ల హైస్కూలుకి సైకాలజిస్టు రోజూ బస్సెక్కి వస్తాడా? వచ్చినా ఆ పిల్లల గురించి ఆయనకేం తెలుసు? ఎవరి నాన్న తాగొచ్చి గొడవ చేస్తాడో, ఎవరి తల్లి చీకటితో కూలికెళ్లి చీకటిపడ్డాక వస్తుందో, ఏ పిల్ల ఈ నెలలో నాలుగు సోమవారాలూ బడికి రాలేదో, ఇదంతా తెలిసేది క్లాస్ టీచరుకే. దానికి తోడు పదో తరగతి అయ్యాక ఏం చదవాలన్న ప్రశ్న ఒకటుంది. పాలీసెట్ రాయాలా, ఏపీఆర్‌జేసీకి దరఖాస్తు పెట్టాలా, నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటొచ్చే మార్కులున్నాయా, ఐటీఐలో ఏ ట్రేడు తీసుకుంటే పని దొరుకుతుంది? మా స్కూల్ అసిస్టెంట్లకు ఇవన్నీ నాలుక చివర ఉంటాయి. నీ సైకాలజీ పుస్తకంలో పాలీసెట్ ఉందా?"

"లేదు బాబాయ్, ఆ మాట ఒప్పుకుంటాను. ఏ చదువు చదవాలో చెప్పేచోట టీచరే మెరుగు. కానీ కౌన్సెలింగ్ అంటే అదొక్కటేనా? కోర్టు తన తీర్పులో చెప్పిన లెక్క చూడు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. పరీక్ష తప్పడమే కారణమని నమోదైనవి 2,248. మిగతా పదివేల పైచిలుకు పిల్లల బాధ మార్కుల్లో లేదు. ఇంట్లో ఉంది, ఒంట్లో ఉంది, ప్రేమలో ఉంది, ఎవరో చేసిన అఘాయిత్యంలో ఉంది. మార్కులు దిద్దడానికి అలవాటుపడిన కంటికి మార్కులు పడిపోయినప్పుడే పిల్ల కనిపిస్తుంది. బాగా చదివే పిల్ల లోపల కుమిలిపోతుంటే కనిపించదు."

"మార్కులు తెలియడం కూడా ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది" అన్నారు ఆయన. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చినప్పటి సంగతి గుర్తుచేశారు. అప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో తప్పులు జరిగినట్టు ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీయే తేల్చింది. తెలుగులో 99 రావలసిన ఒక విద్యార్థినికి మెమోలో సున్నా పడింది. "ఆ క్షణాన పిల్లతో 'ఇది నీ మార్కు కాదమ్మా, ఎక్కడో పొరపాటు జరిగింది, పద తేలుద్దాం' అనగలిగేది ఎవరు? ఏడాది పొడుగునా ఆమె పేపర్లు దిద్దిన తెలుగు లెక్చరరు. నీలాంటి కౌన్సెలర్ ఓదార్చగలదు. ఆ లెక్చరరు మాత్రం ఖండించి చెప్పగలదు."

ఈ మాటకు ఆమె వెంటనే బదులివ్వలేదు. మాస్టారి వాదనల్లో బలమైనది ఇదే. పిల్లవాడి సామర్థ్యం మీద నమ్మకం చెప్పాలంటే ఆ సామర్థ్యాన్ని ముందు చూసి ఉండాలి.

ఆమె వేరే దారిన వచ్చింది. "టీచరుకు అన్నీ తెలుసన్నావు. పిల్ల నోరు కట్టేసేది ఆ తెలియడమే. మా నాన్న ఈ మాస్టారికి తెలుసు, రేపు బజార్లో కలిస్తే మాట్లాడుకుంటారని పిల్లకూ తెలుసు కదా! స్టాఫ్‌రూములో ఒక టీచరుకు చెప్పింది సాయంత్రానికి పదిమందికి చేరుతుందనీ తెలుసు. పైగా ఆ చేతిలోనే ఇంటర్నల్ మార్కులున్నాయి. ఇంకో ఘోరమైన సంగతి ఉంది. వేధించినవాడు ఆ బడిలోనే పాఠం చెబుతుంటే పిల్ల ఎవరి దగ్గరికి వెళ్లాలి? తోటి టీచరు దగ్గరికా?"

"అందరినీ ఒక గాటన కట్టకు."

"కట్టడం లేదు. మంచి టీచరు కూడా తెలియక ఎంత చిక్కులో పడతారో చెబుతున్నాను. పిల్ల ఏడుస్తూ వస్తుంది. 'ఎవరికీ చెప్పనని మాటివ్వండి మేడం' అంటుంది. ఈమె జాలిపడి మాటిచ్చేస్తుంది. పిల్ల చెప్పింది లైంగిక దాడి గురించి అయితే? పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పితీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. ఇప్పుడా టీచరు పిల్లకిచ్చిన మాటైనా తప్పాలి, చట్టాన్నైనా తప్పాలి. శిక్షణ ఉన్న కౌన్సెలర్ మొదటి నిమిషంలోనే చెబుతుంది: 'నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉంటే తప్ప' అని. ఆ ఒక్క వాక్యాన్ని పిల్ల జడుసుకోకుండా చెప్పడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది."

"నేర్చుకున్నావుగా! టీచరు కూడా నేర్చుకుంటుంది. నేననేదీ అదే" అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ఆయన చరిత్రలోకి వెళ్లారు. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సెకండరీ విద్య మీద కమిషన్ వేస్తే, దానికి అధ్యక్షుడు కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. 1952-53లో పనిచేసిన ఆ కమిషన్ హైస్కూళ్లలో గైడెన్స్ ఉండాలనీ, అందుకు మనుషుల్ని తయారుచేయాలనీ చెప్పింది. 1954లో కేంద్ర విద్యాశాఖ దీనికోసమే ఒక బ్యూరో పెట్టింది. 1964-66 కొఠారి కమిషన్ ఇంకాస్త లెక్కగా చెప్పింది: ప్రతి బడికీ నిపుణుణ్ణి ఇవ్వలేం గనక పది హైస్కూళ్లకు ఒక కౌన్సెలర్ తిరుగుతూ ఉండాలి, తేలికపాటి పనులు టీచర్లు పంచుకోవాలి. ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఆ ఆలోచన ఫలితమే. ఏడాది కోర్సు. ఆరు నెలలు ఇంటి దగ్గర చదువుకోవాలి, మూడు నెలలు కేంద్రానికి వెళ్లి ఎదురెదురుగా నేర్చుకోవాలి, చివరి మూడు నెలలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. తెలుగు రాష్ట్రాల టీచర్లకు దగ్గరి కేంద్రం మైసూరు రీజనల్ ఇన్‌స్టిట్యూట్.

"చూశావా, రెండు రోజుల వర్క్‌షాపు కాదిది. ఏడాది చదువు. ఉద్యోగంలో ఉన్న టీచర్లు చేయగలిగేలా రూపొందించింది. ఇంకేం కావాలి?"

"సరే. మైసూరు వెళ్లి డిప్లొమా పట్టుకొచ్చిన టీచరు మళ్లీ తన బడికి వస్తుంది. వచ్చి ఏం చేస్తుంది?"

మాస్టారు జవాబు వెతుక్కున్నారు.

"ఏం చేస్తుందో నేను చెబుతాను. అవే లెక్కలు, అదే ఎనిమిదో తరగతి. మొన్నటి మెగా డీఎస్సీ నోటిఫికేషన్ చూడు. ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులు. ఎస్‌జీటీలు 6,371, స్కూల్ అసిస్టెంట్లు 7,725, టీజీటీలు 1,781, పీజీటీలు 286, పీఈటీలు 132, ప్రిన్సిపాళ్లు 52. కౌన్సెలర్ అన్న మాట ఎక్కడైనా ఉందా? ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో గైడెన్స్ కౌన్సెలర్‌కి ఈవీజీసీ అని ప్రత్యేకంగా ఒక పోస్టుంది. మన దగ్గర నేర్చుకోవడానికి కోర్సుంది గానీ నేర్చుకున్నవాళ్లు కూర్చోవడానికి ఆ నోటిఫికేషన్‌లో కుర్చీ లేదు."

వాదన ఇక్కడ మలుపు తిరిగింది. అప్పటిదాకా 'టీచరా, నిపుణుడా' అన్నట్టు సాగిన మాటలు నెమ్మదిగా 'ఏ పని తీసేసి ఈ పని ఇస్తారు' అన్న వైపు జరిగాయి. నిజానికి మొదటి నుంచీ అడగవలసిన ప్రశ్న అదే.

ఎందుకో తెలియాలంటే బీహార్లో జరిగిన ఒక పరిశోధన చూడాలి. దాన్ని ముందుకు తెచ్చింది అమ్మాయే. నలంద జిల్లాలో ప్రభుత్వ హైస్కూళ్లు 74 తీసుకుని సంగాథ్ సంస్థ 'సెహర్' పేరుతో చేసిన ప్రయోగం అది. తొమ్మిదో తరగతి పిల్లల మీద దృష్టి పెట్టారు. బడులను చీటీలు తీసినట్టుగా మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో ప్రతి బడికీ శిక్షణ ఇచ్చిన ఒక కార్యకర్తను పెట్టారు, వేరే పనేమీ ఉండదు. రెండో గుంపులో అదే కార్యక్రమాన్ని అదే బడి టీచరుకు నేర్పి అప్పగించారు. మూడో గుంపు మామూలుగానే నడిచింది. కార్యక్రమంలో గోడపత్రిక ఉంది, పిల్లలు పేరు రాయకుండానే తమ గోడు రాసి వేసే పెట్టె ఉంది, చర్చలున్నాయి, ఒంటరిగా కూర్చుని మాట్లాడే వేళా ఉంది. ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. కార్యకర్త ఉన్న బడుల్లో వాతావరణం బాగా మెరుగుపడింది. పిల్లల్లో దిగులు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించుకోవడం, కొట్టుకోవడం తగ్గాయి. టీచరుకు అప్పగించిన బడులకూ, మామూలుగా నడిచిన బడులకూ తేడా కనపడలేదు. రెండో ఏడాది చివర మళ్లీ చూసినా అంతే.

"అదే పుస్తకం, అదే పెట్టె, అదే గోడపత్రిక బాబాయ్. చేతులు మారాయంతే. ఇంకా టీచరుకే ఇద్దామంటావా?"

పద్మాసనం వేసుకుని వింటున్న మాస్టారు ముందుకు వంగారు. "ఆ కార్యకర్తలు నీలా సైకాలజీ పట్టాలున్నవాళ్లా?"

"కాదు. మామూలు చదువు చదివి, శిక్షణ తీసుకున్నవాళ్లు."

"మరి గెలిచింది నిపుణులు కాదు కదమ్మా! పట్టా లేని మనిషి చేయగలిగిన పని బీఈడీ చదివిన టీచరు చేయలేకపోయిందంటే తెలివి తక్కువై కాదు. తీరిక లేక. రోజుకు ఆరు పీరియడ్లు చెప్పి, హాజరు యాప్‌లో పెట్టి, మధ్యాహ్న భోజనం లెక్క రాసి, ఎన్నికలొస్తే పోలింగ్ బూత్‌కెళ్లి వచ్చిన మనిషికి పిల్ల పక్కన కూర్చోవడానికి ఏ వేళ మిగులుతుంది? విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడొద్దంటూనే జనగణననూ, విపత్తు సహాయాన్నీ, ఎన్నికలనూ మినహాయించింది. నీ పరిశోధన టీచరు పనికిరాదని చెప్పలేదు. పాఠాలు తగ్గించకుండా పని పెంచితే ఆ పని జరగదని చెప్పింది."

ఈ వాదన తిరుగులేనిదని ఆమె ఒప్పుకోలేదు గానీ, దానికి బలం చేకూర్చే ఉదాహరణ తానే ఇచ్చింది. డార్జిలింగ్ కొండల్లో తక్కువ ఫీజు తీసుకునే చిన్న ప్రైవేటు బడుల్లో టీచర్లకే పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఇచ్చి కొన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. అక్కడ టీచరును విడిగా గదిలో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయమనలేదు. పాఠం చెబుతూనే, తరగతిలోనే, ఒక్కో పిల్లవాడికి తగినట్టు చేయగలిగే పద్ధతులు నేర్పారు. టీచరు పనిలో ఇమిడిపోయేలా పనిని మార్చారు.

"ఇమిడేది ఇవ్వు, ఇమడనిది వేరే మనిషికివ్వు. నేననేదంతే" అందామె. "సుప్రీంకోర్టు కూడా ఈ రెండూ కలపలేదు. కౌన్సెలర్‌ని పెట్టమని ఒక మార్గదర్శకంలో చెప్పింది. టీచర్లు, ఆయాలు, ఆఫీసు సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని ఇంకోదాంట్లో చెప్పింది. ఆ శిక్షణ దేనికి? ప్రమాద సూచనలు గుర్తుపట్టడానికి, ఆ క్షణాన పిల్లను నిలబెట్టడానికి, తగిన చోటికి పంపడానికి. రేపు మన అధికారులు ఏం చేస్తారో నాకు తెలుసు. రెండో దాని కింద ఇచ్చిన శిక్షణ సర్టిఫికెట్ చూపించి, మొదటి దాని కింద కౌన్సెలర్ ఉన్నారని రిజిస్టర్లో రాసుకుంటారు. ఆయుష్మాన్ భారత్ పథకంలో 2020 నుంచి ప్రతి బడికీ ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులన్నారు. పదకొండు అంశాలు చెప్పమన్నారు. మంచి పథకం. కానీ వాళ్ల టైమ్‌టేబుల్లో ఏ పీరియడ్ తీసేశారు?"

ఈ అనుమానం ఆమె ఒక్కదానిది కాదు. ఈ రచయితదీ అదే. మన ప్రభుత్వాలు కొత్త బాధ్యతను కొత్త జీతం లేకుండా సర్దడంలో ఆరితేరాయి.

అమెరికా కూడా ఇదే దారిన నడిచి వచ్చింది. బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ 1908లో వృత్తి సలహా కేంద్రం పెట్టాక, ఒకటి రెండేళ్లకే ఆ ఊరి బడుల్లో వందమందికి పైగా టీచర్లను సలహాదారులుగా నియమించారు. అదనపు జీతం లేదు, పాఠాల తగ్గింపూ లేదు. అసలు మార్పు చాలా కాలానికి, అదీ భయం వల్ల వచ్చింది. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. సైన్సులో వెనకబడ్డామన్న కంగారులో 1958 సెప్టెంబరులో అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. ప్రతిభ ఉన్న పిల్లల్ని గుర్తించి కాలేజీ దాకా నడిపించే మనుషులు కావాలనుకుంది. అందుకు యూనివర్సిటీల్లో శిక్షణ సంస్థలు తెరిచి హైస్కూలు టీచర్లను పిలిచింది. చదువుకున్నన్నాళ్లూ ప్రభుత్వ బడి టీచరుకు వారానికి 75 డాలర్లు, ఆధారపడిన ఒక్కొక్కరికి మరో 15 డాలర్లు ఇచ్చింది.

"డబ్బిచ్చి చదివించారు. చదివింది టీచర్లే!" అన్నారు మాస్టారు విజయం దొరికినట్టు.

"చదివాక వాళ్లలో చాలామంది బ్లాక్‌బోర్డు దగ్గరికి మళ్లీ వెళ్లలేదు బాబాయ్. కౌన్సెలర్ కుర్చీలోకి వెళ్లారు. ఆ చట్టం బడులకు ఆ కుర్చీలు వేయడానికి కూడా డబ్బిచ్చింది. ఈరోజు అక్కడి స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మంది పిల్లలకు ఒకరుండాలని అడుగుతోంది. ఒకప్పుడు కౌన్సెలర్ కావాలంటే టీచరుగా చేసి ఉండాలన్న నియమాన్ని కూడా చాలా రాష్ట్రాలు వదిలేశాయి."

"వదిలేయడం తప్పు" అన్నారాయన గట్టిగా. "తరగతి నడపడం ఎలా ఉంటుందో తెలియని మనిషి టీచరుకు ఏం చెబుతాడు? ఈ పిల్లాడు వెనక బెంచీలో ఎందుకు కూర్చుంటున్నాడో టీచరుకు విప్పిచెప్పాల్సింది కౌన్సెలరే కదా."

ఇద్దరూ ఒకచోటికి వచ్చినట్టే కనిపించారు. కొఠారి కమిషన్ చెప్పిన పది బడుల లెక్కకూ, స్కూల్ కాంప్లెక్సుల్లో కౌన్సెలర్లూ, సోషల్ వర్కర్లూ ఉండాలన్న 2020 జాతీయ విద్యా విధానానికీ మధ్య యాభై ఏళ్లు దాటాయి. మాట మాత్రం ఒకటే. మాస్టారి ప్రతిపాదన ఇలా ఉంది: ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌కూ ఆసక్తి ఉన్న ఒక టీచరును ఎంచుకుని పూర్తి జీతంతో ఏడాది డిప్లొమాకు పంపాలి. తిరిగొచ్చాక ఆ టీచరు ఖాళీ చేసిన చోట కొత్తవారిని వేసి, ఈయన్ను ఆ గుంపు బడులన్నిటికీ కౌన్సెలర్‌ని చేయాలి. వందలోపు పిల్లలున్న చిన్న బడులకూ దారి దొరుకుతుంది. జబ్బు తీవ్రమైతే జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యులకు పంపాలి.

ఆమెకు ఇది నచ్చింది, ఒక్కచోట తప్ప. ఆ టీచరు వారానికి కొన్ని పీరియడ్లైనా పాఠం చెప్పాలని ఆయన పట్టు. లేకపోతే పిల్లలకు కొత్త మనిషిగా మిగిలిపోతారంటారు. ఒక్క పీరియడ్ కూడా వద్దనీ, మార్కులు వేసే కలం ఆ చేతిలో ఉండకూడదనీ ఆమె పట్టు. కేరళ హయ్యర్ సెకండరీ బడుల్లో పిల్లల కౌన్సెలింగ్ కోసమున్న సౌహృద క్లబ్బులను టీచర్లే నడుపుతున్నారని ఆయన చూపించారు. అదే కేరళలో బడులకు విడిగా సైకో-సోషల్ కౌన్సెలర్లు కూడా ఉన్నారు కదా అని ఆమె చూపించింది. ఆ ముడి ఆ సాయంత్రం వీడలేదు.

ఇందులో ఈ రచయిత ఓటు అమ్మాయికే. పాఠం చెప్పకపోయినా పిల్లలతో చనువు పెంచుకోవచ్చు. ప్రార్థన వేళ, ఆటల పీరియడ్‌లో, గోడపత్రిక దగ్గర రోజూ కనిపించే మనిషి నెల తిరక్కుండానే బడి మనిషి అయిపోతారు. మార్కుల భయం అలా పోదు. అయితే ఆ కుర్చీలోకి ఎవరు రావాలన్న దాంట్లో మాస్టారి మాటే సబబు. కొత్తగా సైకాలజిస్టులను వేలల్లో వెతికి పల్లెలకు పంపేదాకా ఆగితే ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లలు బడి దాటిపోతారు. చదివించగలిగిన టీచర్లు మన బడుల్లోనే ఉన్నారు. వాళ్లను చదివించి, తెచ్చి, వేరే పని పెట్టకుండా ఆ పని మీదే ఉంచడం ప్రభుత్వం చేయవలసిన ఖర్చు.

తల్లిదండ్రులు చేయగలిగింది కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న మొదలైన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లాంటివి వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూసి ఇంటికి వచ్చేయకండి. విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల స్థానం మీకే ఇచ్చింది. హెచ్చెమ్‌గారిని అడగండి: ఈ బడికి కౌన్సెలర్ ఎవరు, ఆ పనికి వారానికి ఎన్ని పీరియడ్లు వదిలారు, పిల్లతో ఒంటరిగా మాట్లాడే గది ఏది. జవాబు లేకపోతే కమిటీ తీర్మానంగా రాయించి మండల విద్యాధికారికి పంపండి. హాస్టళ్లలోనూ, తరగతుల్లోనూ కనిపించేలా పెట్టమని కోర్టు చెప్పిన టెలీ మానస్ నంబరు గోడ మీద ఉందో లేదో చూడండి. ఆ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. పగలూ రాత్రీ ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.